బుల్లి దేశపు జెండా కింద మా సింహాచలం

ఒక బుధవారం మధ్యాహ్నం సింగపూరులో, తంజోంగ్ పగార్‌లోని మా ఆఫీసులో ఉండగా ఊరి నుంచి ఫోనొచ్చింది. సింహాచలం భార్య గౌరి. మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. మా ఈడు కుర్రాళ్లలో కొందరు నాలాగ కంప్యూటర్లు నేర్చుకుని హైదరాబాదు మీదుగా దేశాలు పట్టారు, మిగతావాళ్లు ఓడలెక్కారు. సింహాచలం రెండో రకం. పదో తరగతి దాకా ఇద్దరం ఒకే బెంచీ. "అన్నియ్యా, మీ నేస్తం మీ ఊళ్లోనే ఉన్నాడంట. సింగపూరు సముద్రంలో ఓడ ఆపేసినారంట. కన్నుకేటో అయిపోనాదంట, ఆస్పత్రికెల్దామంటే దిగనివ్వడం నేదంట. ఒక్కపాలి సూసి రా అన్నియ్యా." నాకూ సింహాచలానికీ మధ్య అప్పుడున్నది కొన్ని మైళ్ల సముద్రమే అని నాకు ఆ క్షణం దాకా తెలీదు.

ఐటీ ఉద్యోగాల జోరులో మనవాళ్లు వారానికో బ్యాచి చొప్పున దిగుతున్న రోజులవి. మా బ్యాచి అంతా బుకిట్ పంజాంగ్‌లో ఒకే ఫ్లాటులో ఉండేవాళ్లం. ఓడలవాళ్లతో నాకు పరిచయం లేదు. గుర్తొచ్చిన మనిషి అప్పల్రాజు అంకుల్ ఒక్కరే. ఉగాది సభలో కలిశారు. వాళ్ల తాతగారు తెల్లవాళ్ల కాలంలో విశాఖ తీరం నుంచి ఇక్కడి రేవులో పనికొచ్చారు. అంకుల్ లంగరేసిన ఓడలకు బియ్యం, కూరగాయలు, మంచినీళ్లు సరఫరా చేస్తారు. గౌరి చెప్పిన ఓడ పేరు వినగానే ఆయనకు తెలిసిపోయింది. ఇక్కడివాళ్లకు ఓడంటే కప్పల్. "ఆ కప్పలా? తెలుసు తంబీ. ఓనరుకీ ఇంకెవరికో కోర్టు కేసు. అందుకే కదలడం లేదు. శుక్రవారం నా సామాను వెళ్తాది. నీ పాస్‌పోర్టు కాపీ పంపు, పాసు పెట్టిస్తా." ఓడలో ఉన్న మనవాళ్లను చూడాలనుకునేవారు ఇది గుర్తుంచుకోండి. రేవుకు వెళ్లి లాంచీ ఎక్కేస్తామంటే కుదరదు. ఓడ తాలూకు ఏజెంటో, ఇలా సరుకులిచ్చే మనిషో ముందు రోజే మీ పేరు ఇచ్చి అనుమతి తీసుకోవాలి.

శుక్రవారం సెలవు పెట్టాను. పొద్దున ఆరున్నరకల్లా బుకిట్ పంజాంగ్‌లో చిన్న రైలెక్కి చోవా చు కాంగ్‌లో దిగి పెద్ద రైలు పట్టుకున్నాను. జురాంగ్ ఈస్ట్‌లో మారి రాఫుల్స్ ప్లేస్‌లో దిగేసరికి గంటకు పైనే పట్టింది. ఖర్చు రెండు డాలర్ల లోపే. అక్కడి నుంచి క్లిఫర్డ్ పియర్ నడిచే దూరం. (ఇప్పుడు ఆ రేవు మూసేశారు, లాంచీలు మెరీనా సౌత్ నుంచి వెళ్తున్నాయి.) పెద్ద పెద్ద బ్యాంకుల అద్దాల మేడల ఎదురుగా, మెట్ల కింద, ఉల్లిపాయ బస్తాలతో, కోడిగుడ్ల అట్టలతో నిండిన లాంచీ ఊగుతూ ఉంది. అంకుల్ నన్ను చూడగానే అడిగిన మొదటి మాట, "మకాన్ అయిందా?" తిన్నావా అని. కాలేదంటే కాగితంలో చుట్టిన కొబ్బరన్నం పొట్లం చేతిలో పెట్టారు. "తినేయ్. లోపల అలలకు ఖాళీ కడుపు ఆగదు, సరియా?"

లాంచీ ముప్పావుగంట పోయింది. ఊరు చిన్నదైపోతూ, ఓడలు పెద్దవైపోతూ వచ్చాయి. తూర్పు వైపు లంగరు చోటంతా రకరకాల ఓడలు, ఒకదాని వెనక ఒకటి. సింహాచలం ఓడ పాతది. నీలం రంగు పోయి తుప్పు కారుతోంది. వెనక భాగాన యూరప్‌లోని ఒక ఊరి పేరు తెల్ల అక్షరాలతో రాసి ఉంది, పైన ఆ దేశపు జెండా. ఆ దేశం పేరు ఇక్కడ రాయను. రాస్తే, తర్వాత చెప్పబోయే పెద్దమనిషి ఎవరో ఇక్కడివాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. మన శ్రీకాకుళం జిల్లాలో ఉన్నంత జనం కూడా లేని దేశం అనుకోండి చాలు. "ఓనరు ఆ దేశపోడా అంకుల్?" అని అడిగాను. అంకుల్ నవ్వారు. "ఓనరు ఎక్కడోడో నాకూ తెలీదు. కెప్టెన్‌ది ఒక దేశం, కుర్రాళ్లు మీ వాళ్లూ ఫిలిప్పీన్ వాళ్లూ. జెండా మాత్రం ఆ దేశానిది. రుసుము కడితే రాసుకుంటారు తంబీ. కానీ చట్టానికి ఓడంటే ఆ దేశం ముక్కే. దాని మీద ఏం జరిగినా వాళ్లే దిక్కు."

తాళ్ల నిచ్చెన ఎక్కడం నాకు చేతకాలేదు. పై నుంచి ఒక చెయ్యి నా చొక్కా పట్టి లాగింది. సింహాచలమే. ఎడమ కంటి మీద గుడ్డ కట్టుకుని ఉన్నాడు. నవ్వుదామనుకుని నవ్వలేకపోయాడు. "ఒరే రవీ, నువ్వేట్రా ఇక్కడ! గౌరి సెప్పినాదా?" వంటగది పక్కన బల్ల మీద కూర్చున్నాం. డెక్కు మీద తుప్పు రాలగొడుతుంటే పెచ్చు ఎగిరి కంట్లో పడిందట. కళ్లద్దాలు పెట్టుకోలేదా అంటే, "పెట్టుకున్నానురా, పగిలిపోనాయి. కొత్తవి అడిగితే ఓనరు కాడ నుంచి జవాబు నేదు. బియ్యానికే జవాబు నేదు, అద్దాలకేటి?" అన్నాడు. గుడ్డ తీసి చూపించాడు. కన్ను నెత్తురు ముద్దలా ఉంది. నల్లగుడ్డు మీద మెతుకంత తెల్లమచ్చ. వెలుగు చూడలేకపోతున్నాడు. క్రితంసారి అంకుల్ సామానుతో వచ్చిన చుక్కల మందు సీసా ఖాళీ అయింది. "ఈ ఓడ ఏ ఊరిదిరా?" అన్నాను ఏదో మాట్లాడాలని. "ఎనక రాసుంది గదా. నాకు నోరు తిరగదు. ఆ ఊరు మేం ఎప్పుడూ ఎళ్లనేదు" అన్నాడు.

కెప్టెన్ గడ్డం మాసిన, అలసిపోయిన మనిషి. మమ్మల్ని కసరలేదు. ఓడను కోర్టు ఆపి ఉంచింది కాబట్టి దాని మీద ఇంతమంది నావికులు ఉండి తీరాలట. ఇప్పటికే ఇద్దరు తక్కువ. మరొకరిని దించాలంటే జెండా దేశం ఒప్పుకున్నట్టు కాగితం కావాలి, లేకపోతే ఆయన లైసెన్సు పోతుంది. "ఓనరు ఫోనెత్తడు. ఒడ్డున ఆ దేశపు మనిషి ఒకరున్నారు. ఆయన సంతకంతో ఒక్క ముక్క తీసుకురండి, ఈ సాయంత్రమే పంపిస్తాను" అని, తన తరఫు ఉత్తరం రాసి నా చేతికిచ్చాడు. సింహాచలం నిచ్చెన దాకా వచ్చి, "ఏం పరవాలేదులేరా, ఇంకో కన్నుందిగా" అన్నాడు. అది వేళాకోళమని తెలిసినా నాకు నవ్వు రాలేదు.

ఒంటిగంటకు మళ్లీ ఒడ్డున ఉన్నాం. రైల్లో ఒక్క స్టేషను దాటితే తంజోంగ్ పగార్. చౌక తిండికొట్లుండే హాకర్ సెంటర్లో, ఇక్కడి పద్ధతిలో బల్ల మీద టిష్యూ పొట్లం పెట్టి చోటు పట్టుకుని, చేపల సూపు, అన్నం తిన్నాం. మనిషికి మూడు నాలుగు డాలర్లలో కడుపు నిండుతుంది. రెండు వీధులవతల, పాతకాలపు దుకాణాల వరసలో, కలప వ్యాపారం చేసే కంపెనీ పై అంతస్తులో ఉంది ఆ దేశపు గౌరవ కాన్సులు కార్యాలయం. రోజూ భోజనానికి ఆ వీధిలోంచే నడిచేవాణ్ణి కానీ, తల పైకెత్తి ఆ ఇత్తడి పలకను ఎప్పుడూ చదవలేదు. కాన్సులు లిమ్ గారు డెబ్బై ఏళ్ల చైనీస్ పెద్దమనిషి. ఆ దేశం నుంచి కలప, గాజు సామాను తెప్పించి అమ్మేవారు. ఆ పరిచయంతోనే వాళ్లు ఆయనకు ఈ హోదా ఇచ్చారు. జీతం లేదు. ఒక జెండా, ఒక సీలు, ఏడాదికోసారి జాతీయ దినాన విందు. మేం వెళ్లేసరికి కోటు తొడుక్కుని లేచి నిలబడి ఆహ్వానించారు. కెప్టెన్ ఉత్తరం రెండుసార్లు చదివారు.

"ఇలాంటి అనుమతి ఇచ్చే అధికారం నాకు లేదు. రాజధానిని అడగాలి. అక్కడ ఇంకా ఆఫీసులు తెరవలేదు. మూడు దాటాక చేస్తాను, కూర్చోండి" అన్నారు. టీ తెప్పించారు. ఎదురుచూస్తున్నంతసేపూ ఊరికే ఉండలేక అడిగాను, ఇంత పెద్ద రేవులో వాళ్ల ఓడలు ఇన్ని తిరుగుతుంటే ఇక్కడ సొంత రాయబారిని ఎందుకు పెట్టుకోలేదని. ఆయన నొచ్చుకోలేదు. గోడ మీద యూరప్ పటం దగ్గరకు తీసుకెళ్లి, పెన్సిలు మొనతో ఆ దేశం చూపించారు. మొన కిందే సగం దేశం దాగిపోయింది.

"కాన్సులందరినీ ఒకసారి రాజధానికి పిలిచారు. విదేశాంగ మంత్రి మాట్లాడాడు. కుర్రాడు, నీకంటే నాలుగైదేళ్లు పెద్ద, అంతే. మాకు మూడు పనులున్నాయి అన్నాడు. మొదటిది, పక్కనున్న పెద్ద దేశం మళ్లీ మమ్మల్ని మింగకుండా చూసుకోవడం. రెండోది, యూరప్ కూటమిలో చేరడం. మూడోది వ్యాపారం. మాకున్న దౌత్యవేత్తలందరినీ రెండు బస్సుల్లో కూర్చోబెట్టొచ్చు, అందుకే సగం మందిని బ్రసెల్స్‌లో, మిగతావాళ్లను ఇరుగు పొరుగు దేశాల్లో పెట్టాం, ఆసియా సంగతి తర్వాత చూస్తాం అన్నాడు. పెద్ద దేశం తప్పు చేస్తే నష్టపోతుంది, మేం తప్పు చేస్తే పటంలో ఉండం అన్నాడు. మేమంతా లేచి చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. మాదీ చిన్న దేశమే కదా, నాకు అర్థమైంది."

"మరి ఓడలు ఏ పని కిందికొస్తాయి సార్?"

లిమ్ గారు పెన్సిలు జేబులో పెట్టుకున్నారు. "అవి రవాణా శాఖవి. జెండా వాళ్లిస్తారు, రాబడి ఖజానాకు పోతుంది. విదేశాంగ శాఖకు ఎన్ని ఓడలున్నాయో కూడా తెలీదేమో. నీ స్నేహితుడు ఆ మూడింటిలో ఎక్కడా లేడు, బాబూ" అన్నారు. ఆ మాట అనడం ఆయనకే కష్టంగా ఉందని తెలుస్తూనే ఉంది.

మూడుంబావుకు రాజధానికి ఫోను కలిసింది. ఆయన స్పీకరు పెట్టారు. విదేశాంగ శాఖలో ఆసియా మొత్తాన్నీ చూసుకునేది ఒక్కావిడే. ఎంతో మర్యాదగా విన్నది, కంటి సంగతి వినగానే అయ్యో అంది. ఇది ఓడల రిజిస్ట్రారు తేల్చాలి అని ఆ ఆఫీసుకు కలిపింది. రిజిస్ట్రారు కూటమి చర్చలకు బ్రసెల్స్ వెళ్లాడు, సోమవారం వస్తాడు. కింది ఉద్యోగికి సంతకం చేసే అధికారం లేదు. బ్రసెల్స్‌లో ఆయన ఉన్న హోటలుకు చేస్తే సమావేశంలో ఉన్నారు, చెబుతామన్నారు. లిమ్ గారు రాత్రి ఎనిమిది దాకా ప్రయత్నిస్తూనే ఉన్నారు. కోటు విప్పేశారు, చొక్కా చేతులు మడిచారు. చివరికి ఫోను పెట్టేసి, "సోమవారం" అన్నారు.

"మీ సీలుతో మీరే రాసివ్వకూడదా సార్? కెప్టెనుకు ఒక్క ముక్క చాలంటున్నాడు."

"రాస్తే అది నా మాట అవుతుంది, దేశం మాట కాదు. చిన్న దేశానికి సైన్యం లేదు, డబ్బు లేదు. దాని మాటను నలుగురూ నమ్మాలి, అంతే దానికున్న బలం. కాన్సులు తోచినట్టు కాగితాలు ఇస్తాడని తెలిస్తే రేపు ఏ రేవులోనూ ఆ సీలుకు విలువుండదు." కటువుగా చెప్పలేదు. నిజంగా నమ్మి చెప్పారు. రెండు రోజులే కదా అనుకున్నాం ముగ్గురం.

ఆ రాత్రి అంకుల్ నన్ను ఒంటరిగా వదల్లేదు. తూర్పు వైపు రైల్లో బెడోక్‌లోని వాళ్ల ఫ్లాటుకు తీసుకెళ్లారు. ఆంటీ చేపల పులుసు వండింది, మన పులుసే కానీ అందులో కొబ్బరిపాలు పడ్డాయి. వాళ్లమ్మాయి సంగతంతా విని, "అంత సింపుల్ థింగ్ కదా నాన్నా, జస్ట్ సైన్ లా!" అంది ఇక్కడి యాసలో. అంకుల్ ఓడకు ఫోను చేసి, పొద్దున్నే లాంచీలో మందు పంపిస్తానని కెప్టెనుకు చెప్పారు. పంపించారు కూడా. శనివారం జ్వరం వచ్చిందని కబురు. ఆదివారం ఉదయం నాకే ఫోనొచ్చింది. లిమ్ గారు. "ఎలా ఉన్నాడు?" అని అడిగారు. చెప్పాను. "రేపు పొద్దున్నే రేవు దగ్గర ఉంటాను" అన్నారు.

ఉన్నారు. రాజధాని నుంచి ఏ కబురూ రాకముందే, తన కాగితం మీద తన సీలు వేసి, సంతకం పెట్టి తెచ్చారు. మాతో లాంచీ ఎక్కారు. అంత పెద్దాయన నిచ్చెన ఎక్కలేరు కాబట్టి కింద నిలబడి కాగితాన్ని తాడుకు కట్టి పైకి పంపారు. పది నిమిషాల్లో సింహాచలాన్ని దించారు. ఒడ్డుకు వస్తున్నంతసేపూ లిమ్ గారు తన టోపీ తీసి వాడి కంటికి ఎండ తగలకుండా అడ్డం పట్టుకున్నారు. వాడికి ఆయనెవరో తెలీదు. "ఎవర్రా ఈ తాత?" అన్నాడు నా చెవిలో. "నీ ఓడ దేశంరా" అన్నాను.

ఆస్పత్రిలో వెంటనే చేర్చుకున్నారు. పుండు లోతుకు దిగిపోయింది. ఆపరేషన్ చేసి కంటిగుడ్డును నిలబెట్టారు, చూపును నిలబెట్టలేకపోయారు. డాక్టరమ్మ మమ్మల్ని నిందించలేదు. శుక్రవారమే వచ్చి ఉంటే ఆశ ఉండేదా అని అడిగింది లిమ్ గారే. ఆవిడ ఆయన ముఖం చూసి, "చెప్పలేం. ఉండేదేమో" అంది. ఆయన వరండాలో బెంచీ మీద కూర్చుండిపోయారు. ఆ సాయంత్రమే రాజధాని నుంచి ఫ్యాక్సు వచ్చింది. రిజిస్ట్రారు బ్రసెల్స్ నుంచి రాగానే చేసిన మొదటి పని అదేనట. నావికుణ్ణి తక్షణం దించడానికి అనుమతిస్తున్నామని, త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నామని ఉంది. ఎవరూ కాదనలేదు. మొదటి నుంచీ ఏ ఒక్కరూ కాదనలేదు.

సింహాచలం ఊరెళ్లిపోయాడు. ఒంటికన్నుతో ఓడ వైద్యపరీక్షలో నెగ్గడు కాబట్టి మళ్లీ సముద్రం మీదకు వెళ్లలేదు. ఇప్పుడు చేపల రేవు దగ్గర ఐసు కొట్టు పెట్టుకున్నాడు. పోయినసారి వెళ్లినప్పుడు లిమ్ గారి గురించే అడిగాడు. "ఆ తాత మంచోడురా. నేను పడుకున్నానని అనుకుని మంచం కాడ కూకుని ఏడిసినాడు. ఆయన్నేటీ అనకురా." అనడానికి ఆ కుర్చీలో ఇప్పుడు ఆయన లేరు. ఆ దేశం కూటమిలో చేరిన కొద్ది నెలలకు ఆయన ఆ హోదా వదులుకున్నారు. సొంతంగా సీలు వాడినందుకు రాజధాని ఆయన్నేమీ అనలేదు, ఇంకా కొనసాగమనే అడిగింది. వీడ్కోలుకు వెళ్తే నాతో అన్న మాట ఒక్కటే: "ఆ శుక్రవారం నేను చెప్పిందంతా సరైనదే. ఇవాళ అడిగినా అదే చెబుతాను. అయినా రోజూ పొద్దున లేవగానే ఆ శుక్రవారమే గుర్తొస్తోంది."

బుల్లి దేశాల మీద నాకు కోపం లేదు. బతకడానికి ఎవరితో ముందు మాట్లాడాలో ఎంచుకోక తప్పని దేశం అది, సరిగ్గానే ఎంచుకుంది, కోరుకున్నది సాధించింది. కానీ ఒక దేశం ముఖ్యమైనవేవో రాసుకున్నప్పుడు ఆ కాగితం బయట మిగిలిపోయేది ఎవరో అక్కడి గదుల్లో కూర్చున్నవాళ్లకు కనబడదు. అంత దూరాన, తుప్పు రాలగొడుతూ, ఊరి పేరు పలకడం కూడా రాని మా సింహాచలంలాంటివాళ్లు ఆ జెండా నీడలో ఉన్నారు. వాళ్లకు ఆ దేశం ఉందని తెలుసు. ఆ దేశానికి వాళ్లున్నారని తెలియడానికి ఒక సోమవారం దాకా పట్టింది.

ఓడ ఉద్యోగాలకు వెళ్లే తమ్ముళ్లకు ఒక్క మాట. ఏజెంటును జీతం, గడువు అడిగినట్టే, ఓడ మీద ఎగిరేది ఏ దేశపు జెండానో, మీరు ఆగే రేవుల్లో ఆ దేశం తరఫున ఎవరున్నారో అడగండి. వాళ్ల ఫోను నంబరు ఓడ ఎక్కకముందే ఇంట్లోవాళ్లకు ఇచ్చి వెళ్లండి. ఆ నంబరుకు ఒకసారి చేసి చూడండి. శనివారం చేసి చూడండి.